గంపకు చెయ్యి వేయని మనిషి

మా వైపు పల్లెల్లో ఒక మర్యాద ఉంది. దాన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నడక వచ్చినట్టే వస్తుంది. ఆడమనిషి చేలో పత్తి ఏరి మూట కట్టుకుంటుంది, గడ్డి కోసి మోపు కట్టుకుంటుంది, పెంటదిబ్బ దగ్గర ఎరువు గంపకెత్తుకుంటుంది. అంతవరకు ఒంటరిగా చేసుకుంటుంది. దాన్ని నేల మీద నుంచి నెత్తి మీదికి చేర్చడం మాత్రం ఒక్కతి వల్ల కాదు. అప్పుడు దారిన పోయే ఎవరినైనా సరే, "ఒక చెయ్యి వెయ్యప్పా" అని పిలుస్తుంది. పిలిస్తే ఆగాలి. గట్టు తగాదా పెట్టుకుని కోర్టు చుట్టూ తిరిగేవాళ్ళు కూడా ఆగుతారు. మొహం పక్కకు తిప్పుకునైనా గంప కింద చేతులు పెట్టి, ఎత్తి, మాట లేకుండా వెళ్ళిపోతారు. మాట వేరు, గంప వేరు.

మా ఆయన ఆగేవాడు కాదు.

సైన్యంలో పనిచేసి, పింఛనుతో ఊరికి వచ్చిన మనిషి. పొడుగు మనిషి. ఇప్పటికీ నడుము వంగలేదు, మీసం తెల్లబడింది గానీ దువ్వడం మానలేదు. అట్లాంటి మనిషి, గట్టు మీద ఆడకూతురు చెయ్యెత్తి పిలుస్తుంటే, వినబడనట్టు చూపు దూరంగా పెట్టుకుని నడిచి పోయేవాడు. ఒకసారి కాదు, ఎన్నేళ్ళో. మిలిటరీ పొగరు అన్నారు. కాలికి మన్ను అంటకూడదనుకుంటాడు అన్నారు. చివరికి ఆయన వస్తుంటే పిలవడమే మానేశారు. ఆయన దాటిపోయేదాకా ఉండి, వెనక వచ్చేవాళ్ళ కోసం చూసేవాళ్ళు.

అసలు సంగతి ఏమిటంటే, ఆయన ఎడమ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. ఊళ్ళో ఇది తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఆయన, ఆయన్ను కన్న మా అత్త, నేను. అత్త పోయాక ఇద్దరమే మిగిలాము. ఇప్పుడు ఊరంతా తెలుసు కాబట్టి, ఇట్లా కాళ్ళు చాపుకుని హాయిగా చెప్పగలుగుతున్నాను.

బంగ్లాదేశ్ యుద్ధం అని చెప్పుకుంటారే, అందులో తగిలిన దెబ్బ అది. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు. పక్కనే గుండు పడి పేలిందట. ఎడమ భుజం వెనక ఇనుప ముక్కలు దిగాయి, ఎడమ చెవి కూడా అప్పుడే మందగించింది. అందుకే నేను ఎప్పుడూ ఆయనకు కుడి పక్క నడుస్తాను, కుడి పక్క కూర్చుంటాను. గుడారంలో ఉన్న ఆసుపత్రిలో ముక్కలు తీశారు, కట్టు కట్టారు, పెద్ద ఆసుపత్రికి పంపారు. మానిన తర్వాత మళ్ళీ పటాలానికే పంపి స్టోరులో పని ఇచ్చారు. నౌకరీ పోలేదు, అదే చాలనుకున్నాడు. పింఛను వచ్చేదాకా ఆ స్టోరులోనే లెక్కలు చూసుకుంటూ గడిపాడు.

దెబ్బ మానిన కొత్తలో సెలవు మీద ఊరికి వచ్చాడు. కొడుకు చొక్కా తొడుక్కోవడానికి కూడా తంటాలు పడుతుంటే మా అత్త చూసింది. ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే. మా వైపు పసిబిడ్డకు కడుపు ఉబ్బితే వాత, పెద్దవాళ్ళకు నడుము పట్టేస్తే వాత, ఎద్దుకు కాలు కుంటుపడితే వాత. నందవరం అవతల ఒక పల్లెలో వాతలు పెట్టే ముసలాయన ఉండేవాడు. అత్త కొడుకును బండిలో కూర్చోబెట్టుకుని ఆయన దగ్గరికి తీసుకుపోయింది. యుద్ధంలో గుండుకు ఎదురు నిలబడినవాడు, తల్లికి ఎదురు చెప్పలేక బోర్లా పడుకున్నాడు. ఆ ముసలాయన ఇనుప కమ్మి నిప్పుల్లో ఎర్రగా కాల్చి, దెబ్బ తగిలిన చోట, దాని చుట్టూ వాతలు పెట్టాడు. నొప్పి తగ్గిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. తగ్గిందనే మా ఆయన తల్లికి చెప్పాడు.

తర్వాత సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. చెయ్యి లేవనివాడికి, రేపు నాగలి పట్టలేనివాడికి, మూట మొయ్యలేనివాడికి పిల్లనెవరిస్తారని అత్తకు భయం. చేతి సంగతి బయట ఎవరికీ చెప్పవద్దని కొడుకు దగ్గర మాట తీసుకుంది. మా నాయన పిల్లవాణ్ణి చూడడానికి వచ్చినప్పుడు బనీను పక్క నుంచి ఆ మచ్చలు కనబడి, అవేమిటని అడిగాడట. వాతలని అత్త చెప్పింది. అబద్ధమేమీ కాదు. మా నాయన నవ్వి, తన చొక్కా పైకెత్తి, చిన్నప్పుడు కడుపు మీద పెట్టిన తన వాతలు చూపించాడట. అట్లా కుదిరింది మా పెళ్ళి.

పెళ్ళయిన కొద్ది రోజులకే నాకు తెలిసిపోయింది. దండెం మీద పంచె ఆరవేయమంటే ఒంటి చేత్తో వేశాడు. నేను ఏమీ అడగలేదు. ఆయనే చెప్పాడు. చెప్పి, "మాయమ్మకు మాటిచ్చినా మే" అన్నాడు. ఆ మాట నాది కూడా అయింది. అప్పటినుంచి మా ఇంట్లో మూటలెత్తేది నేను, అటక మీది సామాన్లు దించేది నేను. చలికాలం వస్తే ఆ భుజం బిగుసుకుపోయేది. ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టేదాన్ని, ఆముదం గోరువెచ్చగా చేసి రుద్దేదాన్ని. అట్లా రుద్దేటప్పుడు ఒక వాత మచ్చ పక్కన నా వేలికి ఏదో తగిలేది. చర్మం కింద జొన్నగింజ దాచినట్టు ఉండేది. అటు నొక్కితే అటు, ఇటు నొక్కితే ఇటు జరిగేది. వాత పెట్టిన చోట కండ గడ్డకట్టిందేమో అనుకున్నాను. ఆయన కూడా అదే అన్నాడు. కొడుకు పాలపళ్ళు ఊడి మళ్ళీ వచ్చాయి, కూతురికి పెళ్ళయింది, మనవరాళ్ళు పుట్టారు, ఆ గింజ మాత్రం ఉన్నచోటే ఉంది. చలికాలం రాగానే దాన్ని నా వేలు పలకరించేది.

ఆదోనిలో మా ఆయనకు ఒక స్నేహితుడు ఉన్నాడు. ముస్లిము. ఆయన కూడా సైన్యంలో చేసి వచ్చినవాడే, బజారులో టైలరు షాపు పెట్టుకున్నాడు. నన్ను వదినమ్మా అంటాడు. మా ఆయన చేతి సంగతి ఆయన ఎప్పుడో కనిపెట్టాడు. చొక్కాకు కొలతలు తీసేవాడికి ఏ చెయ్యి ఎంత లేస్తుందో తెలియకుండా ఉంటుందా? ఎన్నోసార్లు అడిగాడు, దరఖాస్తు పెట్టుకోమని. యుద్ధంలో దెబ్బలు తగిలినవాళ్ళకు సర్కారు ఒక గుర్తింపు ఇస్తుందట, పింఛనులో కూడా దానికి లెక్క ఉంటుందట, ఆలస్యమైనా అడగవచ్చట.

మా ఆయన తల అడ్డంగా ఊపేవాడు. "గుండు పడినబ్బుడు నా పక్కనుండేటోడు ఆడే పాణం ఇడిసె. నేను చెయ్యి సూపించి అడుక్కునేదా?" అనేవాడు.

"అడుక్కునేది కాదు సాబ్, అడిగేది," అనేవాడు ఆ టైలరు. మళ్ళీ టీ తెప్పించేవాడు. అంతటితో ఆ మాట అయిపోయేది.

అది మళ్ళీ మొదలు కావడానికి కారణం మా పక్కింటి పిల్ల. ఆ పిల్ల తల్లి మా ఆయనకు చెల్లెలి వరస. పిల్లకు పెళ్ళయి పుట్టింటికి వచ్చి ఉంది. ఒక సాయంత్రం పశువులకు గడ్డి మోపు కట్టుకుని గట్టు మీద నిలబడి ఉంటే, మా ఆయన అటు వస్తున్నాడట. ఆయన ఆగడని తెలిసినా, దారిలో ఇంకెవరూ లేరు. ఒక చెయ్యి వేయమని పిలిచింది. ఈయన ఎప్పటిలాగే చూపు తిప్పుకుని వచ్చేశాడు. చీకటి పడుతోందని ఆ పిల్ల తనంతట తానే మోపు నెత్తికెత్తుకోబోయింది. మోపు పక్కకు ఒరిగి మెడ మెలిపడింది. ఎమ్మిగనూరు ఆసుపత్రికి తీసుకుపోతే మెడకు పట్టీ వేసి పంపారు. చాలా రోజులు తల తిప్పలేకపోయింది.

మరునాడు ఆ తల్లి మా వాకిట్లోకి వచ్చింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గడప అవతలే నిలబడి అడిగింది.

"దేశాన్ని కాసొచ్చినావంట గదన్నా. ఇంటి పక్క పిల్లకు గడ్డిమోపు ఎత్తలేకపోతివా?"

మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెవి అటువైపే ఉంది. ప్రతి అక్షరమూ పడింది. నా నోటిదాకా వచ్చింది, ఆయన చెయ్యి సంగతి ఇదమ్మా అని చెప్పేద్దామని. ఆయన నా వైపు చూశాడు. నేను మింగేశాను. ఆమె వెళ్ళిపోయింది.

మరుసటి రోజు ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని అడిగాను.

"ఆదోనికి పోతాండా. కాగితాలు పెట్టేకి. మాయమ్మకిచ్చిన మాట ఇంగ సాలు మే."

మరి ఆ మాట ఏదో పక్కింటికి వెళ్ళి చెబితే అయిపోతుంది గదా, కాగితాలెందుకని అడిగాను. ఆయన చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"ఇన్నేండ్లకు నేనే నోరు తెరిసి సెప్తే, సాకు సెప్తాండాడు అంటారు. నన్ను యుద్ధానికి పంపించినోళ్ళు సెప్పాల, నా దెబ్బ ఆడ తగిలిందని. అబ్బుడు నేను సెప్పుకోవచ్చు."

డబ్బు కోసం కాదు అది. గంపకు చెయ్యి వేయనందుకు ఆయన పెట్టుకున్న జవాబు. ఆ జవాబు వేరేవాళ్ళ నోటి నుంచి రావాలని ఆయన పట్టుదల.

టైలరు ఆ రోజు షాపు మూసేసి మరీ కర్నూలులో మాజీ సైనికుల ఆఫీసుకు తోడు వెళ్ళాడట. దరఖాస్తు పెట్టారు. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. ఈయన యుద్ధం నాడు ఆసుపత్రిలో చేరినట్టు పాత రికార్డులో ఉంది గానీ, దెబ్బ ఏమిటి, ఎక్కడ అన్నది సరిగ్గా కనబడటం లేదు, డాక్టరు పరీక్ష చేసి చెప్పాలి అని. ఆదోనిలో మాజీ సైనికులకు వైద్య శిబిరం పెడుతున్నారు, సైన్యం నుంచి డాక్టర్లు వస్తున్నారు, ముందు అక్కడ చూపించుకోమన్నారు.

ఆ రోజు నేను కూడా వెళ్ళాను. నన్ను రమ్మని ఆయన అడగలేదు, వద్దని కూడా అనలేదు. ఎమ్మిగనూరులో బస్సు మారి ఆదోని చేరేసరికి ఎండ ఎక్కింది. పత్తి బళ్ళు, లారీలు దారికి అడ్డంగా నిలబడి, గాలిలో దూది పింజలు తేలుతున్నాయి. ఒక కళ్యాణమండపంలో శిబిరం. ముసలి సైనికులు, వాళ్ళ పెళ్ళాలు, చనిపోయిన సైనికుల పెళ్ళాలు, అందరూ పెళ్ళికి వేసిన కుర్చీల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. టైలరు మాకంటే ముందే వచ్చి చోటు పట్టి పెట్టాడు.

డాక్టరు ఆడామె. వయసు మా కూతురి కంటే తక్కువే ఉంటుంది. మేజరు అని టైలరు చెప్పాడు. మర్యాదగా లేచి నిలబడి మా ఆయనను కూర్చోబెట్టింది. మాటలన్నీ హిందీలోనే. ఆదోని బజారులో విని విని నాకు అక్కడో మాట ఇక్కడో మాట అందుతుంది. మిగిలింది టైలరు నా చెవిలో చెప్పాడు.

చొక్కా తీయమంది. నేను సాయం పట్టాను. ఆమె భుజం వెనక చూసింది. చేత్తో తడిమింది. చేతిని ముందుకు, పక్కకు, పైకి లేపమంది. పైకి లేవలేదు. తర్వాత మళ్ళీ మచ్చల దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఏదో అంది.  ఏమందని టైలరును అడిగాను.

"కాలిన మచ్చలంటాది వదినమ్మా. దెబ్బ మచ్చలు కాదంటాది."

ఆమెను తప్పుపట్టలేను.  చూస్తే ఎవరికైనా అట్లాగే ఉంటుంది. గుండ్రంగా, మెరుస్తూ, ఒకదాని పక్కన ఒకటి ముద్ర వేసినట్టున్న వాతలు. మా నాయన కళ్ళనే కట్టేశాయవి. దెబ్బ ఏదో వాటి కింద ఎక్కడో కప్పబడిపోయింది.

ఆమె కోపంగా అనలేదు. ఎట్లా కాలింది, ఎవరు కాల్చారు అని మా ఆయనను అడిగింది. ఆయనకు హిందీ బాగా వచ్చు. నోరు తెరిస్తే చెప్పేయగలడు. చెప్పలేదు. గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు అర్థమైంది. తెలియని ఊరి నుంచి వచ్చిన ఒక అధికారి ముందర, మా అమ్మ నన్ను ఇనుముతో కాల్పించింది అని చెప్పడం ఆయన వల్ల కాదు. చచ్చిపోయిన తల్లిని ఆ అధికారి ముందు దోషిగా నిలబెట్టినట్టు అవుతుందని ఆయన బాధ. డాక్టరమ్మ కలం తీసింది. కలం కాగితం మీద పెడితే అయిపోయినట్టే అనిపించింది నాకు.

నేను లేచాను.

"అమ్మా, కాల్పించింది మాయత్త. ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. యుద్ధం దెబ్బ నొప్పి పోతాదని దాని మీదే వాతలు పెట్టించింది. బిడ్డ మీద కోపంతో కాదు."

టైలరు గబగబా హిందీలో చెప్పాడు. ఆమె కలం ఆపి నా వైపు చూసింది. మా ఆయన నన్ను చూడలేదు గానీ, ఆయన మెడ కాస్త వదులైంది. అది నాకు తెలుస్తుంది, ఎన్నేళ్ళుగా ఆ మెడకు ఆముదం రుద్దినదాన్ని.

దాంతో నాకు ఆ గింజ గుర్తొచ్చింది. ఇప్పటికీ అనుకుంటాను, అది అప్పుడు ఎందుకు గుర్తొచ్చిందా అని. దానికీ దీనికీ సంబంధం ఉందని అంతవరకు నేను ఏనాడూ అనుకోలేదు. నా కళ్ళకు అవి వాతలే, వేలికి మాత్రం ఆ గింజ తెలుసు.

"నీ యేలు ఇటియ్యి తల్లీ," అన్నాను.

ఆమెకు తెలుగు రాదు గానీ ఆ మాట అర్థమైంది. వేలు ఇచ్చింది. సన్నటి వేలు, చల్లగా ఉంది. దాన్ని పట్టుకుని పై వాత పక్కన ఎప్పుడూ నేను రుద్దే చోట పెట్టి, కాస్త నొక్కి, పక్కకు జరిపాను. గింజ జరిగింది. ఆమె మొహం మారింది. నా చెయ్యి తీసేసి తనే నొక్కింది. కళ్ళు మూసుకుని మళ్ళీ నొక్కింది. మా ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని మెల్లగా తిప్పుతూ నొక్కింది. తర్వాత కలం పక్కన పెట్టేసి, ఒక కుర్రాడిని కేకేసి, వెంటనే ఎక్స్‌రే తీయించుకు రమ్మంది. శిబిరం వాళ్ళు అక్కడికి దగ్గరలోనే ఒక ఎక్స్‌రే చోటు మాట్లాడి పెట్టుకున్నారు.

ఇన్నేళ్ళలో ఆ భుజానికి ఎక్స్‌రే ఎందుకు తీయించలేదని మీరు అడగవచ్చు. మా కూతురు కూడా అడిగింది. విరిగితే కట్టు కట్టేవాడి దగ్గరికి, నొప్పి వస్తే ఉప్పు కాపడానికి అలవాటు పడినవాళ్ళం. ముక్కలన్నీ తీసేశారని ఆయన అనుకున్నాడు. వాత గడ్డ అని నేను అనుకున్నాను. మానిపోయిన దెబ్బకు ఎక్స్‌రే ఏమిటి?

ఫిలిం తడి ఆరకముందే తెచ్చారా అన్నంత త్వరగా తెచ్చారు. ఆ డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. మేము ముగ్గురం ఆమె వెనక నిలబడి చూశాము. నాకు ఎముకలు తెలియవు, ఏది ఎటో తెలియదు. కానీ ఆ నలుపులో తెల్లగా ఉన్నవి మాత్రం ఎవరికైనా కనబడతాయి. జొన్నగింజంత ఒకటి. దాని కింద, లోపల, నువ్వుగింజలు చల్లినట్టు ఇంకొన్ని. ఇనుము. ఇన్నేళ్ళు నా వేలికి తగిలినది ఆ యుద్ధంలోని ఇనుము. దాన్ని నేను ప్రతి చలికాలం వెచ్చచేసి పెడుతూ వచ్చాను.

డాక్టరమ్మ మా ఆయన వైపు తిరిగి ఏదో అంది. నెమ్మదిగా అంది. మా ఆయన మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. చొక్కా భుజాల మీద కప్పుకుని ఉన్నాడంతే, అయినా అట్లాగే నిలబడ్డాడు. ఆమె కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఏం రాస్తోందని టైలరును గోకాను. 

"కాల్చింది పైన ఉండాది, దెబ్బ కింద ఉండాది అని రాస్తాండాది వదినమ్మా."

ఆ మాట విన్నాక ఆ పెళ్ళి కుర్చీలో కూర్చుండిపోయాను. దుఃఖం కాదది. పొద్దంతా మోసిన మోపును ఎవరో వచ్చి నెత్తి మీద నుంచి దించితే మెడ తేలికపడి ఒక్క క్షణం కళ్ళు తిరుగుతాయి చూడండి, అట్లా అన్నమాట.

టైలరు మమ్మల్ని వదలలేదు. హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీ పెట్టించాడు. మా ఆయన రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. ఆయన ఆకలిగా తినడం నేను చూసి చాలా రోజులైంది. తిరుగు బస్సులో ఎక్స్‌రే కవరును ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళ మోచెయ్యి తగలకుండా కుడి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. 

ఎమ్మిగనూరు దగ్గర పడినప్పుడు అన్నాడు, "మాయమ్మ ఉంటే దీన్ని సూపిస్తుంటి."

"సూపిస్తే ఊరుకుంటుండెనా? ఇంగా లోపల ఉండాయని మళ్ళా వాత పెట్టించేటిది."

ఆయన నవ్వాడు. నవ్వితే ఆ భుజం కూడా కదులుతుంది, నొప్పి పుడుతుంది. అయినా నవ్వాడు. ముందు సీట్లో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఆ తర్వాత బెంగళూరుకు పిలిచారు, అక్కడ పెద్ద డాక్టర్లు కూర్చుని చూశారు. టైలరే తోడు వెళ్ళాడు. ఆ గింజను తీసేయమంటారా అని అడిగారట. ఇన్నేళ్ళు ఉండనిచ్చాను, ఇంకా ఎన్నేళ్ళుంటానో, దాన్ని కదిలించవద్దని మా ఆయన చెప్పాడట. మళ్ళీ ఎదురుచూపులు. నేను పెద్దగా బెంగపడలేదు. ఆ డాక్టరమ్మ వేలికి గింజ తగిలినప్పుడే నా బెంగ సగం తీరిపోయింది. చివరికి ఒక రోజు పోస్టులో వచ్చింది ఆ ఆర్డరు. యుద్ధంలో గాయపడిన సైనికుడు అని ఒప్పుకున్నారు. ఆయన దాన్ని చదివి వినిపించాడు, మడిచి బీరువాలో పెట్టాడు, ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. అంతే. ఊరికి చెబుతాడనుకున్నాను, చెప్పలేదు. నేను చెప్పేద్దామా అనుకున్నాను. ఇన్నాళ్ళు కట్టుకున్న నోరు ఇంకొన్నాళ్ళు కట్టుకుందామని ఊరుకున్నాను. అది ఆయన చెప్పుకోవాల్సిన మాట.

పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఒక పొద్దున మేమిద్దరం చేను వైపు పోతున్నాము. నేను కుడి పక్క. గట్టు మలుపులో ఆ పక్కింటి ఆమె, అదే, ఆ పిల్ల తల్లి, పత్తి గంప ముందర పెట్టుకుని నిలబడి ఉంది. గంప నిండా తొక్కి తొక్కి పెట్టిన పత్తి. మమ్మల్ని చూసింది. ఆయన వైపు చూడకుండా నన్నే పిలిచింది.

"వదినా, ఒక చెయ్యి వెయ్యి."

నేను చీర కొంగు నడుముకు చెక్కుకుని ముందుకు నడిచాను. ఆయన ఎప్పటిలాగే దాటిపోతాడనుకున్నాను. దాటిపోలేదు. నిలబడ్డాడు. చూపు దూరంగా పెట్టలేదు, ఆమె మొహం మీదే పెట్టాడు.

"నా ఎడమ చెయ్యి పైకి లేయదమ్మా. యుద్ధంలో గుండు పేలి ఇనుము దిగింది. ఇంగా లోపలే ఉండాది. మిలిటరీ దొరోళ్ళు కూడా ఒప్పుకున్నారు. నీ బిడ్డ పిలిసిన దినం కూడా అందుకే ఆగలేదు. పొగరు కాదు."

 ఆమె తలకు చుట్టిన గుడ్డను విప్పి మళ్ళీ చుట్టుకుంది. మా ఆయన భుజం వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె గొంతు తగ్గింది.

"ముందే సెప్పింటే ఇన్నేండ్లు నిన్ను తిట్టే పని తప్పుతుండె గదన్నా."

"తిట్టినావా?" అన్నాడు మా ఆయన. "నా ఎడమ చెవికి ఇనబడలేదులే."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వి, గంప దగ్గర వంగింది. నేను ఒక పక్క రెండు చేతులూ వేశాను. ఆయన రెండో పక్కకు వచ్చి వంగి, కుడి చెయ్యి గంప అడుగుకు పెట్టాడు. అట్లా పట్టవచ్చని మాకిద్దరికీ అప్పటిదాకా తోచనే లేదు. ఇద్దరుంటే ఒక చెయ్యి చాలు. ముగ్గురం కలిసి ఎత్తాము. గంప ఆమె నెత్తి మీద కుదురుకుంది. ఆమె మెడ సర్దుకుని, మేము చేతులు తీసేదాకా ఆగి, గట్టు మీద నడుచుకుంటూ పోయింది.